సుజౌ పారిశ్రామిక ప్రాంతం: మాస్టర్ ప్లాన్ వెనుక ఉన్న లాభనష్టాల లెక్క

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. తన ప్రావిన్స్‌కు రాజధాని కూడా కాని సుజౌ నగరం నలభై ఏళ్ళలో చైనాలోని అతిపెద్ద పారిశ్రామిక కేంద్రాల్లో ఒకటిగా ఎలా ఎదిగింది అన్నది మొదటిది. ఆ ఎదుగుదలలో సింగపూర్ సహకారంతో తయారైన మాస్టర్ ప్లాన్ వాటా ఎంత అన్నది రెండవది. అటువంటి ప్లాన్ చేతిలో ఉంటే ఇంకొక చోట కూడా అదే ఫలితం రాబట్టవచ్చా అన్నది మూడవది. పారిశ్రామికవాడల ప్రణాళికలు, వాటి మౌలిక వసతుల ఖర్చు లెక్కలు చూసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. మా రంగంలో సుజౌ పేరు ఎత్తనివారు లేరు గానీ, ఎక్కువమంది దాని రోడ్ల పటాన్నీ జిన్జీ సరస్సు ఒడ్డున లేచిన భవనాలనూ చూపించి అక్కడితో ఆపుతారు. ఆ పటం మంచిదే, అవసరమైనదే. కానీ ప్లాన్‌ను అమలుచేసే స్థానిక ప్రభుత్వమే దాని లాభనష్టాలను కూడా తన ఖాతాలో మోయాల్సి వచ్చినప్పుడు సుజౌలో ప్రణాళిక నడిచిందనీ, లాభం ఒకరికీ నష్టం మరొకరికీ చేరిన ప్రతిచోటా అది దెబ్బతిన్నదనీ నా అభిప్రాయం.

ముందుగా ఈ ప్రాంతం పరిమాణం తెలుసుకోవాలి. సుజౌ నగరపాలన కిందకు పాత నగరంతో పాటు కున్షాన్, జాంగ్‌జియాగాంగ్, చాంగ్షు, తైచాంగ్ అనే నాలుగు కౌంటీ (నగరం కింది పాలనా విభాగం) స్థాయి పట్టణాలు కూడా వస్తాయి. 2020 జనగణన ప్రకారం మొత్తం జనాభా సుమారు 1.27 కోట్లు. అదే సంవత్సరం ఈ ప్రాంతపు స్థూల ఉత్పత్తి 2 లక్షల కోట్ల యువాన్లు దాటి, జియాంగ్సు ప్రావిన్స్ రాజధాని నాన్‌జింగ్‌ను చాలా వెనక్కు నెట్టింది. తూర్పున షాంఘై, పడమట తైహు సరస్సు, ఉత్తరాన యాంగ్‌ట్సీ నది ఉన్నందువల్ల రేవుకు గానీ మార్కెట్‌కు గానీ దూరం లేదు. 1990లో షాంఘైలో పుడోంగ్ ప్రాంతాన్ని అభివృద్ధి చేయాలని కేంద్రం నిర్ణయించడం, 1996లో షాంఘై-నాన్‌జింగ్ ఎక్స్‌ప్రెస్ రహదారి తెరుచుకోవడం ఈ స్థానబలాన్ని ఇంకా పెంచాయి. భౌగోళిక అదృష్టం గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు. షాంఘై చుట్టూ అంతే దూరంలో ఉన్న పట్టణాలన్నీ ఒకే విధంగా ఎదగలేదు కాబట్టి మిగిలిన వివరణ వేరే చోట వెతకాలి.

సుజౌకు ఇరవై ఐదు శతాబ్దాల చరిత్ర ఉంది. కాలువలూ తోటలూ ఉన్న ఆ పాత నగరాన్ని పడగొట్టి కర్మాగారాలు కట్టాలన్న ఒత్తిడి 1980ల తొలి సంవత్సరాల్లో గట్టిగానే ఉండేది. 1986లో చైనా స్టేట్ కౌన్సిల్ (కేంద్ర మంత్రివర్గం) ఆమోదించిన నగర ప్రణాళిక, పాత నగరాన్ని యథాతథంగా కాపాడి కొత్త నిర్మాణాన్ని దాని బయటకు తరలించాలని తీర్మానించింది. ఆ తీర్మానం ప్రకారం నగరానికి పడమటి వైపున 1990లో కొత్త జిల్లా పని మొదలైంది. తూర్పు వైపున 1994లో సింగపూర్ భాగస్వామ్యంతో సుజౌ పారిశ్రామిక పార్కు వచ్చింది. పాత నగరం మధ్యన, రెండు పారిశ్రామిక నగరాలు రెండు రెక్కల్లా అటూ ఇటూ ఉండే ఈ అమరిక కాగితం మీద ఎంతో చక్కగా కనిపిస్తుంది. రెండు రెక్కలూ ఒకే పెట్టుబడిదారు కోసం పోటీపడితే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితంలో జవాబు లేదు. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

విదేశీ కంపెనీలు రాకముందే ఇక్కడి అధికారులకు వ్యాపారం నడిపిన అనుభవం ఉంది. 1980లలో దక్షిణ జియాంగ్సు గ్రామాల్లోనూ పట్టణాల్లోనూ స్థానిక పాలకవర్గాల ఆస్తిగా వేలకొద్దీ చిన్న కర్మాగారాలు నడిచేవి. ఫే షియావోటోంగ్ అనే ప్రసిద్ధ సామాజిక శాస్త్రవేత్త 1936 నుంచి అధ్యయనం చేసిన పల్లె ఇప్పటి సుజౌ పరిధిలోని వుజియాంగ్‌లోనే ఉంది. గ్రామీణ సామూహిక పరిశ్రమల మీద ఆధారపడిన ఈ మార్గాన్ని దక్షిణ జియాంగ్సు నమూనాగా ఆయన పరిచయం చేశారు. ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది, యంత్రం ఎవరి దగ్గర అరువు తెచ్చుకోవాలి, షాంఘై నుంచి రిటైరైన మెకానిక్‌ను ఎలా రప్పించాలి అన్న విషయాలు పట్టణ కార్యదర్శికి స్వయంగా తెలిసి ఉండేవి. 1990ల చివరలో ఆ సంస్థలు చాలావరకు ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళిపోయినా, పరిశ్రమ గురించి అధికారికి కావలసిన అవగాహన మాత్రం పాలనలో మిగిలింది. మన వైపు సుజౌ గురించి రాసేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే తర్వాత జరిగిన దానిలో ఎంతో భాగం దీని మీద నిలబడింది.

కున్షాన్ కథ ఇందుకు సాక్ష్యం. అప్పట్లో సుజౌ కింద ఉన్న ఆరు కౌంటీల్లో ఉత్పత్తిలో అందరికన్నా వెనకబడినది కాబట్టి దాన్ని చివరి పిల్లవాడిగా చెప్పుకునేవారు. 1984లో కేంద్రం 14 తీరనగరాలను విదేశీ పెట్టుబడికి తెరిచినప్పుడు ఆ జాబితాలో కున్షాన్‌కు చోటు దొరకలేదు. అనుమతి గానీ నిధులు గానీ లేకుండానే కౌంటీ నాయకత్వం పాత పట్టణం పక్కన 3.75 చదరపు కిలోమీటర్ల నేలలో సొంత డబ్బుతో అభివృద్ధి మండలం మొదలుపెట్టింది. డబ్బు తక్కువ కాబట్టి ఒకేసారి అంతటా రోడ్లు వేయకుండా, ఒక ముక్కను సిద్ధం చేసి, దాని మీద కర్మాగారం వచ్చి ఆదాయం మొదలయ్యాక పక్క ముక్కకు వెళ్ళారు. కొత్త పెద్ద కార్యాలయ భవనాలు కట్టకుండా పాత పట్టణపు సదుపాయాలనే వాడుకున్నారు. 1992 ఆగస్టులో స్టేట్ కౌన్సిల్ దీన్ని జాతీయ స్థాయి మండలంగా గుర్తించేనాటికి అక్కడ కర్మాగారాలు అప్పటికే నడుస్తున్నాయి. ప్రణాళికలో దశలవారీ నిర్మాణం అనే మాట మనం కూడా ప్రతి నివేదికలో రాస్తాం. కున్షాన్‌లో అది నిజంగా అమలు కావడానికి కారణం, ముందే ఖర్చుచేసి చేతులు కాల్చుకుంటే ఆదుకునే పైవారు లేకపోవడమే.

పెట్టుబడి ఆకర్షణలో కూడా కున్షాన్ ఒక రంగాన్ని ఎంచుకుని లోతుగా పోయింది. 1990ల నుంచి తైవాన్ కంపెనీల మీద దృష్టి పెట్టింది. 2000లో చైనా తొలిసారిగా అనుమతించిన 15 ఎగుమతి తయారీ మండలాల్లో ఒకదాన్ని సాధించి, అదే ఏడాది దాన్ని అన్నిటికన్నా ముందు నడుపుకుంది. విడిభాగాలు సుంకం లేకుండా లోపలికి వచ్చి, ల్యాప్‌టాప్‌గా తయారై, వెంటనే విమానాశ్రయానికి చేరాలంటే కస్టమ్స్ తనిఖీలో గంటల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఆ గంటలు తగ్గించడమే ఆ మండలపు అసలు ఆస్తి. అధికారులు ఒక ల్యాప్‌టాప్‌ను విప్పి, దానిలోని వెయ్యికి పైగా భాగాల జాబితా రాసుకుని, కున్షాన్‌లో తయారుకాని ఒక్కొక్క భాగానికీ దాన్ని చేసే కంపెనీని వెతుక్కుంటూ వెళ్ళారన్న కథనం అక్కడ బాగా ప్రచారంలో ఉంది. కథనంలో అతిశయోక్తి ఎంత ఉన్నా పద్ధతి మాత్రం అదే. పన్ను రాయితీ చూసి వచ్చిన ఒంటరి కర్మాగారం రాయితీ గడువు తీరాక వెళ్ళిపోగలదు. చుట్టూ కేబుల్, కీలు, అచ్చు, ప్యాకింగ్ పెట్టె తయారుచేసేవారు గంట ప్రయాణ దూరంలో ఉన్న కర్మాగారానికి కదలడం కష్టం. 2019లో కున్షాన్ స్థూల ఉత్పత్తి 40 వేల కోట్ల యువాన్లు దాటింది, కౌంటీ స్థాయిలో చైనాలో ఆ గీత దాటిన తొలి పట్టణాల్లో అదొకటి.

ఇక మీరు ప్రధానంగా అడిగిన సింగపూర్ పార్కు. 1992లో దక్షిణ చైనా పర్యటనలో చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ సింగపూర్ క్రమశిక్షణను మెచ్చుకున్న తర్వాత మొదలైన చర్చలు, 1994 ఫిబ్రవరి 26న రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా ముగిశాయి. సింగపూర్ మాజీ ప్రధాని లీ క్వాన్ యూ, చైనా ఉపప్రధాని లీ లాన్‌చింగ్ సంతకాలు చేశారు. అభివృద్ధి సంస్థలో సింగపూర్ కన్సార్టియానికి (సంస్థల కూటమికి) 65 శాతం, చైనా కన్సార్టియానికి 35 శాతం వాటా. సహకార ప్రాంతం 70 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 17,300 ఎకరాలు. అక్కడ 6 లక్షలమంది నివసించే పట్టణాన్ని కర్మాగారాలతో పాటే ఊహించారు.

ఆ ప్రణాళికలో నిజంగా మెచ్చుకోవలసిన అంశాలు ఉన్నాయి. పల్లపు నేల కావడంతో ముందుగా మట్టి పోసి ఎత్తు పెంచారు. చైనాలో అప్పటికి వాడుకలో ఉన్న ప్రమాణాన్ని దాటి, స్థలం కేటాయించేలోపే రోడ్డు, విద్యుత్తు, మంచినీరు, గ్యాస్, ఆవిరి, మురుగు పైపులు, వాననీటి కాలువలు, టెలిఫోన్, కేబుల్ టీవీ అనే తొమ్మిది సదుపాయాలను స్థలం అంచు దాకా తెచ్చి, నేలను చదును చేసి అప్పగించారు. ఇళ్ళ మధ్య కిరాణా, కూరగాయల మార్కెట్టు, ఆసుపత్రి, పోస్టాఫీసు ఒకే ఆవరణలో ఉండే సముదాయ కేంద్రాలను సింగపూర్ నుంచి తెచ్చారు. సుజౌ అధికారులను సింగపూర్‌కు పంపి పట్టణ నిర్వహణ, అనుమతుల విధానం, కార్మికుల భవిష్యనిధి వంటి వాటిలో శిక్షణ ఇప్పించారు. కంపెనీకి కావలసిన అనుమతులన్నీ ఒకే చోట దొరికే కార్యాలయం తెరిచారు. భూగర్భంలో పైపులు పూర్తయ్యాకే పైన నిర్మాణం అన్న క్రమాన్ని రాజీ లేకుండా పాటించారు. తవ్విన రోడ్డునే మళ్ళీ మళ్ళీ తవ్వే పట్టణాల్లో పనిచేసినవారికి ఈ క్రమం విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

ఇంత చేసినా మొదటి ఏళ్ళలో ఆ సంస్థ నష్టాల్లోనే నడిచింది. కారణం పటంలో కనిపించదు. నగరానికి పడమటి వైపున ఉన్న కొత్త జిల్లా పూర్తిగా సుజౌ నగరపాలనది. అక్కడ భూమి చవక, అక్కడి ఆదాయం మొత్తం నగరానిది. తూర్పు పార్కులో చైనా పక్షానికి ఉన్నది 35 శాతమే, అందులో సుజౌ నగరం చేతికి చేరేది ఇంకా తక్కువ. సింగపూర్ పేరు విని, దాని హామీ చూసి సుజౌ దాకా వచ్చిన పెట్టుబడిదారుకు నగర అధికారులు పడమటి జిల్లాను కూడా చూపించి, తక్కువ ధరకు స్థలం ఇస్తామని చెప్పసాగారు. 1997 చివరలో లీ క్వాన్ యూ ఈ విషయం మీద బహిరంగంగానే అసంతృప్తి ప్రకటించారు. దీన్ని కొందరు చైనా అధికారుల నమ్మకద్రోహంగా రాశారు; నేను అలా చూడను. నగర పాలకులు తమ ఖాతాకు లాభం వచ్చే పనే చేశారు, ఆ ఖాతా అలా ఉండేట్టు ఒప్పందం రాసుకున్నవారే దానికి బాధ్యులు. బీజింగ్‌లో అత్యున్నత నాయకులు సంతకం చేసిన పత్రం, నగర స్థాయిలో రోజువారీ నిర్ణయం తీసుకునే అధికారి ప్రయోజనాన్ని మార్చలేకపోయింది.

1999లో రెండు పక్షాలూ వాటాలు తారుమారు చేసుకోవడానికి అంగీకరించాయి. 2001 జనవరి 1 నుంచి చైనా కన్సార్టియానికి 65 శాతం, సింగపూర్‌కు 35 శాతం. నిర్వహణ సుజౌ చేతికి వచ్చింది. రోడ్ల పటం మారలేదు, భూవినియోగ నియమాలు మారలేదు, సింగపూర్ నేర్పిన పద్ధతులు కూడా కొనసాగాయి. సంస్థ అదే ఏడాది లాభాల్లోకి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడం వల్ల పెట్టుబడుల ప్రవాహం పెరిగిందన్నది నిజమే, 1997 నాటి ఆసియా సంక్షోభపు ప్రభావం సడలిందన్నదీ నిజమే. ఆ రెంటినీ మినహాయించి చూసినా, యాజమాన్యం చేతులు మారగానే నగరం తన శక్తినంతా తూర్పు పార్కు మీద పెట్టడాన్ని విస్మరించలేం. ఈ రోజు ఆ పార్కు పరిపాలనా ప్రాంతం 278 చదరపు కిలోమీటర్లు, 2020 జనగణనలో జనాభా 11 లక్షలు దాటింది.

స్థానిక ప్రభుత్వానికి ఇంతటి ఆసక్తి ఎందుకంటే, దాని మూలాలు 1994 పన్నుల సంస్కరణలో ఉన్నాయి. విలువ ఆధారిత పన్నులో 75 శాతం కేంద్రానికి, 25 శాతం స్థానిక ప్రభుత్వాలకు అని అప్పుడు నిర్ణయించారు (2016లో అది సగం సగం అయింది). బడికీ ఆసుపత్రికీ రోడ్డుకూ ఖర్చుపెట్టవలసిన బాధ్యత చాలావరకు స్థానికంగానే ఉండిపోయింది. అదే ఏడాది వచ్చిన బడ్జెట్ చట్టం స్థానిక ప్రభుత్వాలు నేరుగా అప్పు చేయడాన్ని నిషేధించింది. కాబట్టి నగరాల చేతిలో మిగిలిన పెద్ద వనరు భూమి. పట్టణ భూమి రాజ్యానిది, దాన్ని వాడుకునే హక్కును గడువుకు అమ్మవచ్చు: పరిశ్రమకు 50 ఏళ్ళు, నివాసానికి 70 ఏళ్ళు, వాణిజ్యానికి 40 ఏళ్ళు. ఆ అమ్మకపు సొమ్ము ప్రధానంగా స్థానిక ఖజానాకే చేరుతుంది.

సుజౌ మాత్రమే కాకుండా చైనా తీరప్రాంతపు నగరాలన్నీ నేర్చుకున్న లెక్క ఇక్కడ మొదలవుతుంది. పరిశ్రమకు భూమిని ఖర్చు కన్నా తక్కువకు, కొన్నిచోట్ల దాదాపు ఉచితంగా ఇచ్చేవారు. కర్మాగారం వస్తే ఏటా పన్ను వస్తుంది, ఉద్యోగులు వస్తారు, వారితో ఇళ్ళకూ దుకాణాలకూ గిరాకీ పెరుగుతుంది. అప్పుడు పక్కనున్న నివాస, వాణిజ్య స్థలాలను వేలం వేసి, పరిశ్రమ మీద పోగొట్టుకున్నదానికి ఎన్నో రెట్లు రాబట్టుకుంటారు. ఆ ఆదాయాన్ని చూపించి నగరపాలన స్థాపించిన అభివృద్ధి కంపెనీలు బ్యాంకుల్లో అప్పు తెచ్చి మరో విడత రోడ్లు వేస్తాయి. తూర్పు పార్కులోని జిన్జీ సరస్సు చుట్టూ ఉన్న ఖరీదైన భవనాలు అందం కోసం పుట్టాయని అనుకునేవారికి నేను చెప్పేది ఇదే: పార్కు ఖర్చు తిరిగి రావడానికి ఆ సరస్సు ఒడ్డు స్థలాల ధర చాలా ముఖ్యం. పరిశ్రమల భూమి కోసం నగరాల మధ్య పోటీ మరీ హద్దు దాటడంతో, 2006లో కేంద్రం పరిశ్రమ భూమికి కనీస ధరలు నిర్ణయించి, దాన్ని కూడా వేలం లేదా టెండరు ద్వారానే ఇవ్వాలని ఆదేశించింది. 2015 నుంచి స్థానిక ప్రభుత్వాలు పరిమితులకు లోబడి బాండ్లు జారీ చేయడానికి బడ్జెట్ చట్టం సవరణ దారి తెరిచింది. అప్పటికే పోగుపడిన పరోక్ష అప్పులు, ఇటీవలి ఏళ్ళలో గృహనిర్మాణ రంగం కుంగడంతో చైనా అంతటా మోయలేని బరువుగా మారాయి. ఇళ్ళ స్థలాల ధర ఎప్పటికీ పెరుగుతుందన్న ఊహ మీద నిలబడిన లెక్క అది. సుజౌకు బలమైన పరిశ్రమ ఉంది కాబట్టి తట్టుకుంటోంది, పరిశ్రమ రాని నగరాలకు అప్పే మిగిలింది.

ఇప్పటివరకు చెప్పిన లెక్కలో లాభం పొందేవారు తేలిగ్గా కనిపిస్తారు. ఆ లెక్కలో పద్దు లేనివారి సంగతి కూడా చెప్పాలి.

మొదటివారు రైతులు. 1998 నాటి భూపాలన చట్టం ప్రకారం సేకరించిన భూమికి పరిహారం, పునరావాస సహాయం కలిపి గత మూడేళ్ళ సగటు పంట విలువకు 30 రెట్లు మించకూడదు. పంట విలువకు కొన్న భూమిని నగరపు ధరకు వేలం వేయగలిగితే మధ్యలో మిగిలేది ఎంతో ఊహించవచ్చు. సుజౌ సంపన్న ప్రాంతం కావడం వల్ల పల్లెలు ఖాళీచేసినవారికి ఫ్లాట్లు, సామాజిక బీమా ఇవ్వడంలో చాలా ప్రాంతాల కన్నా మెరుగ్గా ఉంది, ఆ ఫ్లాట్లలో గదులు అద్దెకిచ్చి బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అయినా భూమి విలువ పెరుగుదలలో హక్కుగా వాటా దక్కలేదు. పంట విలువకు ముడిపెట్టిన ఆ పరిమితిని 2020 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తొలగించింది, ఈ ప్రాంతంలో ప్రధానమైన భూసేకరణ చాలావరకు పూర్తయ్యాక.

రెండవది నీరు. 2007 మే చివరలో తైహు సరస్సులో నాచు విపరీతంగా పెరిగి, పక్కనే ఉన్న వుషీ నగరంలో సుమారు 20 లక్షలమందికి కుళాయి నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. సరస్సు చుట్టూ ఉన్న ప్రతి కౌంటీ, ప్రతి పట్టణం తన కర్మాగారం మీద వచ్చే పన్నును తన ఖాతాలో రాసుకుంది. సరస్సులోకి వెళ్ళే భాస్వరం, నత్రజని ఎవరి ఖాతాలోనూ లేవు. ఆ తర్వాత జియాంగ్సు చిన్న రసాయన కర్మాగారాలను పెద్దసంఖ్యలో మూసింది. వుషీలో ఒక్కొక్క నది పరిశుభ్రతకు ఒక్కొక్క స్థానిక నాయకుణ్ణి వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేసే విధానం మొదలైంది, అది ఫలితమిచ్చాక 2016 చివరలో దేశమంతటికీ విస్తరించాలని కేంద్రం నిర్ణయించింది. జాతీయ స్థాయిలో 11వ పంచవర్ష ప్రణాళిక (2006-10) లక్ష్యాలను రెండుగా విడదీసింది: వృద్ధిరేటు వంటివి కేవలం అంచనాలు, ఇంధన వాడకాన్ని ఉత్పత్తి యూనిట్‌కు 20 శాతం తగ్గించడం, ప్రధాన కాలుష్యాలను 10 శాతం తగ్గించడం వంటివి తప్పక నెరవేర్చవలసినవి. ఈ లక్ష్యాలకు అధికారి పదోన్నతిని ముడిపెట్టిన తర్వాతే నీటి శుద్ధి కేంద్రాలు కాగితం దాటి కట్టుబడిలోకి వచ్చాయి.

ఆ సమస్య ఇంకా తీరలేదు. 2017 డిసెంబరులో వుసోంగ్ నది నీటి నాణ్యత గడువులోగా మెరుగుపరచాలన్న ఒత్తిడిలో కున్షాన్ అధికారులు 270 కంపెనీలను రెండు వారాలకు పైగా ఉత్పత్తి ఆపమని ఆదేశించారు. తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల నుంచి పెద్దఎత్తున అభ్యంతరం రావడంతో రోజుల్లోనే ఆ ఆదేశాన్ని నిలిపివేశారు. ముప్పై ఏళ్ళు ఒక కొలమానంతో పనిచేసిన యంత్రాంగం మరో కొలమానానికి మారేటప్పుడు జరిగే తడబాటు అది. నది ఎంత మురికిని మోయగలదో లెక్కవేసి దాని ప్రకారం మొదట్లోనే కర్మాగారాల సంఖ్యను పరిమితం చేయవలసిన పని, చివరికి హడావిడి ఉత్తర్వుగా మారింది.

మూడవవారు కార్మికులు. 2020 జనగణనలో కున్షాన్ జనాభా సుమారు 21 లక్షలు, వారిలో దాదాపు సగంమంది వేరే ప్రాంతాల నుంచి వచ్చిన వలసకూలీలూ వారి కుటుంబాలూ. స్థానిక నివాస నమోదు లేనివారి పిల్లలకు బడి, వృద్ధులకు వైద్యం నగరం ఖర్చుకాదు కాబట్టి, ఉద్యోగి నుంచి వచ్చే లాభం నగరానిది, అతని కుటుంబ పోషణ భారం అతని సొంత ఊరిదిగా చాలాకాలం సాగింది. 2014 ఆగస్టు 2న కున్షాన్‌లోని ఒక చక్రాల పాలిష్ కర్మాగారంలో అల్యూమినియం దుమ్ము పేలి, చికిత్స పొందుతూ మరణించినవారితో కలిపి 146మంది ప్రాణాలు కోల్పోయారు. దుమ్ము తొలగించే ఏర్పాట్లు, భవనం నమూనా నిబంధనలకు విరుద్ధంగా ఉన్నాయనీ, తనిఖీ చేయవలసినవారు చేయలేదనీ అధికారిక విచారణ తేల్చింది. పెట్టుబడి తెచ్చిన అధికారికి గుర్తింపు ఉన్న వ్యవస్థలో, తనిఖీ చేసి కర్మాగారం మూయించే అధికారికి ఏ గుర్తింపు ఉందో ప్రతి పారిశ్రామికవాడ ప్రణాళికలో అడగవలసిన ప్రశ్న. ఆ 146మంది గురించి మాట్లాడకుండా కున్షాన్ విజయాన్ని పాఠంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇటీవలి ప్రణాళికల్లో మార్పు ఏమిటంటే, భూమి అయిపోవడమే ప్రధాన పరిమితి అయింది. 2020లో సుజౌ 10 లక్షల మూ (చైనా భూకొలత), అంటే సుమారు 1.65 లక్షల ఎకరాలను పరిశ్రమకూ ఉత్పత్తికి సంబంధించిన పరిశోధనకూ శాశ్వతంగా కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. ఇళ్ళ స్థలాలుగా అమ్మితే వచ్చే తక్షణ ఆదాయాన్ని వదులుకోవడం అది. మూ భూమికి ఎంత పన్ను, ఎంత ఉత్పత్తి వస్తోందో లెక్కవేసి కంపెనీలను శ్రేణులుగా విభజించి, అడుగు శ్రేణిలో ఉన్నవారి మీద ఒత్తిడి తెస్తున్నారు. చవక కూలి మీద ఆధారపడిన ల్యాప్‌టాప్ తయారీ 2010 ప్రాంతం నుంచే లోతట్టు నగరాలైన చోంగ్‌చింగ్, చెంగ్డూ వైపు తరలడం మొదలైంది. దాని స్థానాన్ని నింపడానికి తూర్పు పార్కులో 2002 నుంచి ఉన్నత విద్యా ప్రాంతాన్ని పెంచారు, 2006లో షియాన్ జియావోతోంగ్-లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వచ్చింది, 2007లో బయోబే అనే జీవసాంకేతిక కేంద్రం తెరుచుకుంది. ఔషధ పరిశోధనా సంస్థలు ఫలితం చూపడానికి పదేళ్ళకు పైగా పట్టింది. అంతకాలం వేచి ఉండగలగడానికి ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల పన్ను ఆదాయం ఆసరాగా నిలిచింది కాబట్టి, మొదటి అంతస్తు లేకుండా రెండవ అంతస్తు నమూనాను మాత్రమే తెచ్చుకుందామనే రాష్ట్రాలకు ఈ వరుసక్రమాన్ని గుర్తుచేస్తుంటాను.

మీ మూడవ ప్రశ్నకు మనకు దగ్గరి ఉదాహరణ అమరావతి, ఎందుకంటే అక్కడా ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో సింగపూర్ సంస్థలే 2015లో మాస్టర్ ప్లాన్ తయారుచేశాయి. 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతానికి 2017లో ఎంపికైన సింగపూర్ కన్సార్టియానికి 58 శాతం, రాష్ట్ర సంస్థకు 42 శాతం వాటా నిర్ణయించారు. ప్రభుత్వం మారాక 2019 నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది. సుజౌలో వాటాలు తారుమారు చేసుకుని పని సాగించారు, అమరావతిలో పనే ఆగిపోయింది. ఈ తేడాకు రాజకీయ కారణాలు ఎన్ని చెప్పుకున్నా, ఆర్థిక కారణం ఒకటుంది. సుజౌ నగరపాలనకు పార్కు ఆగితే తన ఖజానాకే గండి పడుతుంది. అమరావతిలో పని ఆగినప్పుడు నష్టం మొదట చేరింది సమీకరణలో సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చి, తిరిగి అభివృద్ధి చేసిన స్థలాల కోసం ఎదురుచూస్తున్న రైతులకు. భూమి విలువలో రైతుకు వాటా ఇచ్చిన విషయంలో అమరావతి పద్ధతి సుజౌ కన్నా న్యాయమైనది. కానీ పటం అమలు కాకపోతే నష్టపోయేవారి చేతిలో నిర్ణయాధికారం లేదు, నిర్ణయాధికారం ఉన్నవారి ఖాతాలో ఆ నష్టం నమోదు కాలేదు.

2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలు మంజూరు చేశాక అక్కడ మళ్ళీ పని ఊపందుకుంది. సుజౌతో పోల్చి చూడాలనుకుంటే భవనాల నమూనాలు పక్కనబెట్టి మూడు పత్రాలు అడిగి తెప్పించుకోండి: రుణం తీర్చడానికి ఏ ఏడాది ఏ ఆదాయం వస్తుందని చూపించారో తెలిపే పట్టిక, రైతులకు ఇవ్వవలసిన స్థలాలకు రోడ్డూ నీరూ మురుగు పైపులూ ఏ క్రమంలో చేరతాయో తెలిపే నిర్మాణ కాలపట్టిక, రాజధాని సంస్థ పరిధిలో వసూలయ్యే పన్నుల్లో ఎంత భాగం అదే సంస్థ దగ్గర ఉంటుందో చెప్పే ఉత్తర్వు. వాటిలో మీకు దొరికిన వివరాలు ఇక్కడ రాస్తే, అంకెల వారీగా కలిసి చూద్దాం.